గుండ్లకమ్మ వెంబడి

శ్రీశైలం మీరు ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళే ఉంటారు. గుంటూరు, ఒంగోలు వైపు నుంచి వెళ్ళినవాళ్ళయితే దోర్నాలలో బస్సు ఆగి ఉంటుంది. టీ తాగి ఉంటారు. ఘాటు మలుపుల్లో పిల్లలకు కడుపులో తిప్పకుండా ఓ నిమ్మకాయ కొనుక్కుని ఉంటారు. రాత్రి తొమ్మిదయితే అడవి గేటు వేసేస్తారని డ్రైవరు తొందర పెట్టి ఉంటాడు. ఎక్కారు, కొండ చేరారు, మల్లన్నను కళ్ళారా చూసుకున్నారు, మళ్ళీ అదే దారిన దిగివచ్చారు. రైల్లో వెళ్ళేవాళ్ళ సంగతీ అంతే. నంద్యాల పోయే బండిలో మార్కాపూర్ రోడ్డు, కంభం, గిద్దలూరు బోర్డులు కిటికీ పక్కన వచ్చి పోతూనే ఉంటాయి. మీరు పై బెర్తు మీద నిద్రలో ఉంటారు.

ఇవాళ చలిగా ఉంది, మంట దగ్గరికి కాస్త జరిగి కూచోండి. దారిలో మీరు చూడకుండా దాటిపోయిన మా వైపు కబుర్లు చెబుతాను.

మా వైపు అంటే పశ్చిమ ప్రకాశం. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. కర్నూలుకు మేం కొండలకు ఇవతలి వాళ్ళం, ఒంగోలుకు మెట్ట అవతలి వాళ్ళం. రెండు చోట్లా దూరపు చుట్టాలమే. పేపర్లో మా ఊళ్ళ పేరు కనబడిందంటే కరువు గురించో, ఫ్లోరైడు నీళ్ళ గురించో, వలసల గురించో అయి ఉంటుంది. అవన్నీ ఉన్నవే, కాదనను. కానీ ఇన్నేళ్ళుగా ఈ నేల మీద తిరుగుతూ నాకు గట్టిగా అనిపించిన మాట ఒకటుంది. నీటికి కటకటలాడిన చోటే మనిషి నీటిని ఎంత ప్రేమించాడో కంటికి కనబడుతుంది. మా దగ్గర చూడదగ్గవి ఏవి తీసుకున్నా, గుడి కానివ్వండి, కట్ట కానివ్వండి, చివరికి బండరాయి కానివ్వండి, తవ్వి చూస్తే అడుగున నీటి కథే ఉంటుంది. అందుకని వచ్చేవాళ్ళకు నేను చెప్పే దారి ఒక్కటే. గుండ్లకమ్మను పట్టుకోండి, అదే మిమ్మల్ని తిప్పి చూపిస్తుంది.

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుడుతుంది. కొండలు దిగి, కంభం చెరువులో నిలిచి, మార్కాపురం వైపు సాగి, వినుకొండ సీమను తాకి, అద్దంకి మీదుగా మళ్ళీ ఒంగోలు దిక్కుకు తిరిగి సముద్రంలో కలుస్తుంది. పెద్ద నది కాదు. వేసవిలో చాలాచోట్ల ఇసుక మాత్రమే కనబడుతుంది. అయినా అడవిలో పుట్టి సముద్రం దాకా నడిచిన నది ఇది, మా ఊళ్ళన్నిటికీ ఇదే తల్లి.

అడవి అంచున మొదట నెమలిగుండం చూడాలి. గిద్దలూరు నుంచి రాచర్ల మండలంలోని జె.పుల్లలచెరువు మీదుగా అడవిలోకి పోవాలి. ఎప్పుడు పడితే అప్పుడు కుదరదు, శనివారం ఒక్కరోజే రంగనాయకస్వామి దర్శనం. మయూర మహర్షి నెమలి రూపంలో ముక్కుతో నేల తవ్వితే ఈ గుండం ఏర్పడిందని స్థలపురాణం. శనివారం తెల్లవారగానే ఆటోలు, ట్రాక్టర్లు, మోటారుసైకిళ్ళు వరసగా అడవిలోకి దిగుతాయి. రాళ్ళ మీద పొయ్యి పెట్టి పొంగలి వండుతారు, పిల్లలు గుండం ఒడ్డున కేరింతలు కొడతారు, కొత్తగా పెళ్ళయిన జంటలు పసుపు బట్టల్లో తడుస్తూ నిలబడతారు. వానలు బాగా పడ్డ ఏడు పైనుంచి దూకే నీటి హోరులో పక్క మనిషి మాట వినబడదు. పొద్దు వాలేసరికి అందరూ బయటికి వచ్చేయాలి. రాత్రి అక్కడ ఎవరూ ఉండరు. మిగతా ఆరు రోజులూ ఆ చోటు అడవి జీవాలదే.

ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం. వారంలో ఒక రోజు మనిషికి, ఆరు రోజులు అడవికి. రోజూ తెరిచి ఉంచితే ఎంత ఆదాయం వస్తుందో లెక్కలు వేసేవాళ్ళు ఉంటారు. ఆ లెక్క దయచేసి ఎవరూ వేయవద్దని నా మనవి. మీరు వెళ్ళినప్పుడు కూడా వండుకున్న చోటు ఊడ్చి, ప్లాస్టిక్ సంచి ఒక్కటి కూడా వదలకుండా తిరిగి తెచ్చుకోండి. ఆ నీళ్ళే కదా కిందికి దిగి కంభం చెరువు చేరేది!

గిద్దలూరు దాకా వచ్చారు కాబట్టి ఒక పూట రైలెక్కండి. పగటి పూట బండి చూసుకుని నంద్యాల వైపు పొండి. గిద్దలూరు దాటగానే దిగువమెట్ట, అక్కడినుంచి అడవి. సొరంగాలు, లోయలు, వెదురు పొదలు, మధ్యలో బొగద, చలమ అనే చిన్న స్టేషన్లు. పంతొమ్మిదో శతాబ్దం చివర మీటరుగేజి దారిగా వేసిన లైను ఇది. 1990లలో పెద్ద గేజికి మార్చినప్పుడు కొన్నిచోట్ల దారి మళ్ళించారు. నంద్యాల వైపు లోయలో దొరబావి వంతెన పాత స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. యంత్రాలు పెద్దగా లేని రోజుల్లో ఆ లోయలో రాయి మీద రాయి పేర్చి అంత ఎత్తు లేపిన కూలీల పేర్లు ఎక్కడా రాసి లేవు. బండి అటు పోతున్నప్పుడు నేను ఆ స్తంభాలకు దండం పెడతాను.

ఈ రైలు దారితో ముడిపడ్డ ఇంకో కబురుంది, పిల్లలుంటే దగ్గరికి పిలవండి. 1899లో గుత్తి రైల్వే కలపడిపోలో ఒక సాలీడు దొరికింది. నెమలి మెడలా మెరిసే నీలిరంగు. శాస్త్రజ్ఞుడు పోకాక్ దాన్ని లోకానికి పరిచయం చేశాడు. ఆ తరవాత వంద ఏళ్ళ పాటు దాని జాడే లేదు. చివరికి 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో మళ్ళీ కనిపించింది. కొండల్లో కొట్టిన కట్టెతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని, దాని అసలు ఇల్లు ఈ అడవేనని అప్పుడు తేలింది. ముసలి చెట్ల తొర్రల్లో బతుకుతుంది. అంతరించే ప్రమాదం అంచున ఉన్న జీవుల జాబితాలో ఉంది. దాన్ని వెతుక్కుంటూ చెట్లెక్కకండి. రంగు చూసి మోజుపడి పెంచుకునేవాళ్ళ కోసం దొంగతనంగా పట్టుకుపోయే వాళ్ళ బెడద దానికి చాలినంత ఉంది. పెద్ద చెట్టు ఒకటి కొట్టేస్తే ఆ నీలి జీవికి ఇల్లు పోతుందని పిల్లలకు చెబితే చాలు.

గిద్దలూరు పక్కనే రాచర్ల మండలంలో సత్యవోలు ఉంది. ఇక్కడి రామలింగేశ్వర, భీమలింగేశ్వర ఆలయాలు బాదామి చాళుక్యుల కాలపు కట్టడాలు. అలంపురం గుళ్ళు చూసినవాళ్ళు వీటిని చూడగానే ఆ పోలిక పట్టేస్తారు. భీమలింగేశ్వరాలయం వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా తిరుగుతుంది. గజపృష్ఠాకారం అంటారు దాన్ని. మన దేశంలో అట్లాంటి గుళ్ళు చాలా కొద్ది. పన్నెండు వందల ఏళ్ళు పైబడ్డ ఈ గుళ్ళ దగ్గర మీరు వెళ్ళేసరికి ఒకరిద్దరు కూడా ఉండకపోవచ్చు. అదొక వరం. గోడ చుట్టూ నిదానంగా తిరగండి, వేళ్ళతో తాకకుండా కళ్ళతో తాకండి.

ఇక కంభం. ఇక్కడ కాసేపు ఆగుతాను, తొందర పెట్టకండి.

కంభం చెరువు కట్ట మీద మొదటిసారి నిలబడ్డ వాళ్ళకు ఒక సందేహం వస్తుంది. ఇంత నీళ్ళకు ఇంత చిన్న కట్టా అని. చెరువు పొడవు 7 కిలోమీటర్ల దాకా, వెడల్పు మూడున్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది. కట్ట మాత్రం రెండు కొండల మధ్య సందుకు అడ్డంగా వేసిందే. ఆ పనితనమంతా చోటును ఎంచుకోవడంలో ఉంది. గుండ్లకమ్మ, జంపలేరు వచ్చి కలిసి ఆ కొండల సందులోంచి బయటికి పోతున్నాయి. సందు మూస్తే చాలు, మిగతా మూడు పక్కలా కొండలే గట్లు. ఐదు వందల ఏళ్ళ కిందట ఆ కొండల నడుమ తిరిగి, నీటి వాలు చూసి, ఇక్కడ ఒక్కచోట మూయండి అన్న మనిషి ఎవరో గానీ, వారి కంటికి మొక్కాలి.

ఆ కట్ట వేయించింది వరదరాజమ్మ అని మా వాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. గజపతుల ఆడబిడ్డ, కృష్ణదేవరాయల రాణి. రాయలకూ గజపతులకూ మధ్య యుద్ధం ముగిసి సంధి కుదిరినప్పుడు పెళ్ళయి వచ్చింది, భర్త ఆదరణకు దూరమై కంభంలో ఉండిపోయింది, తన సొమ్ముతో ఈ చెరువు కట్టించింది అని కథ. తుక్కాదేవి అని కొందరు, జగన్మోహిని అని కొందరు ఆమెనే వేరే పేర్లతో పిలుస్తారు. తుక్కా పంచకం అనే ఐదు సంస్కృత శ్లోకాలు ఆమె రాసుకున్నవేనంటారు. కథలో ఏ పాలు ఎంతో చరిత్రకారులు తేల్చుకుంటారు. మా ఆడవాళ్ళకు మాత్రం ఆమె పరాయి రాణి కాదు, మా ఊరికి నీళ్ళిచ్చిన తల్లి. పుట్టిల్లు దూరమై, మెట్టినింట నిలువ నీడ లేక, ఆ దుఃఖంలో కూడా తనకేమీ కాని పల్లెలకు నీళ్ళు నిలబెట్టిన మనిషిని తలుచుకుంటే నాకు గొంతు పూడుకుపోతుంది.

లెక్కలు కావాలంటే చెబుతాను. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు వాళ్ళు వేసిన ఇంపీరియల్ గెజిటీర్ ఈ చెరువును దేశంలోని గొప్ప నీటి కట్టడాల్లో ఒకటిగా లెక్కగట్టింది. కట్ట ఎత్తు 57 అడుగులు, వాననీరు దిగివచ్చే నేల 430 చదరపు మైళ్ళు, నేరుగా పారే భూమి 10,300 ఎకరాలు అని రాసింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. అదే ఏడు పోరుమామిళ్ళ చెరువుకూ ఆ గౌరవం దక్కింది.

కట్ట మీద చేపలు అమ్ముకునే పెద్దాయన ఒకాయనతో నేను తరచూ మాట్లాడుతుంటాను. ఓసారి అడిగాను.

"ఏం పెద్దాయనా, ఈ ఏడన్నా నిండుద్దా?"

"నల్లమలలో కురవాల గదా నాయనా. పైన వాన పడితే ఈడికి నీళ్ళు. ఈడ కురిస్తే మన బట్టలు తడవడమే."

"అలుగు పారితే?"

"అలుగు పారిన నాడు చూడాల. పెండ్లికి వచ్చినట్టు వస్తారు జనం. ముసలమ్మలు గూడా ఎడ్లబండ్లు కట్టిచ్చుకొని వచ్చేటోళ్ళు, ఇప్పుడు ఆటోల్లో వస్తున్నారు."

చెరువు ఏటా నిండదు. కొన్ని ఏళ్ళు అడుగు పగుళ్ళిచ్చి కనబడుతుంది, గొర్రెలు మేస్తుంటాయి. నిండిన ఏడు మాత్రం కంభం మనుషుల ముఖాలే మారిపోతాయి. అలుగు దగ్గర నీళ్ళకు పసుపు కుంకుమ వేసి కొబ్బరికాయ కొడతారు. తూముల కింద ఆయకట్టు పచ్చబడుతుంది. మీరు అలాంటి ఏడు రాగలిగితే మీ అదృష్టం. ఎండిన ఏడు వచ్చినా చూడదగ్గదే. నీళ్ళు లేనప్పుడే కట్ట లోపలి రాతి పేర్పు బయటపడుతుంది.

కంభం నుంచి దగ్గరలోనే బేస్తవారిపేట మండలం. అందులో మోక్షగుండం అనే పల్లె ఉంది. పేరు ఎక్కడో విన్నట్టుంది కదూ? ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు. ఆయన పుట్టింది కర్ణాటకలోని ముద్దెనహళ్ళిలో. ఆయన పూర్వీకులు ఇక్కడినుంచి అటు వలస వెళ్ళినవారు. కావేరి మీద కృష్ణరాజసాగరం చెప్పినప్పుడల్లా ఆయన పేరు చెబుతాం. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచేశాక, మళ్ళీ అలాంటి ముప్పు రాకుండా ఎగువన జలాశయాలు కట్టాలని దారి చూపిందీ ఆయనే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. ఆ వంశం మూలం చూస్తే వరదరాజమ్మ కట్టకు కూతవేటు దూరంలో ఉంది. దీనికీ దానికీ సంబంధం ఉందని రుజువు చేయలేను గానీ, అక్కడి ముక్తేశ్వరస్వామి గుడి ముందు నిలబడినప్పుడు ఇది ఉత్త యాదృచ్ఛికం అనుకోవడానికి నా మనసు ఒప్పుకోదు. సెప్టెంబర్ 15న దేశమంతా ఇంజనీర్ల దినం జరుపుకుంటుంది. ఆ రోజు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల్ని ఒక్క బస్సులో అయినా మోక్షగుండం తీసుకొచ్చి, అటునుంచి కంభం కట్ట చూపిస్తే ఎంత బాగుంటుంది!

మార్కాపురం చేరామా? ముందు పలకల సంగతి చెప్పాలి. మీకు అక్షరాభ్యాసం చేయించిన పలక ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? మీ వయసు నలభై దాటి ఉంటే, అది మా మార్కాపురం పలకే అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఊరి చుట్టుపక్కల నేలలో నల్లని రాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఆ రాయిని బండలుగా తీసి, అంచున ఉలి పెట్టి నేర్పుగా తడితే పలుచని పొర విడివడుతుంది. ఎక్కడ కొట్టాలో, ఎంత బలంగా కొట్టాలో చేతికే తెలియాలి, నోటితో చెప్పి నేర్పేది కాదు. తరవాత కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తారు. ఊళ్ళో ఇంటింటా ఆ పని ఉండేది. దేశంలో చాలాచోట్లకు పలకలు ఇక్కడినుంచి వెళ్ళేవి.

ఆ రాయి పుట్టుక ఇంకా చిత్రం. వంద కోట్ల ఏళ్ళకు మించిన కాలం కిందట సముద్రం అడుగున పేరుకున్న బురద అది. భూమి ఒత్తిడికి, వేడికి గట్టిపడి ఇట్లా పొరల రాయి అయింది. భూగర్భ శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో ఈ రాతి వరసకు కంభం పేరే పెట్టారు. ఒక్క చుక్క కోసం ఆకాశం వైపు చూసే మా నేల ఒకప్పుడు సముద్రం కింద ఉండేది! ఆ సముద్రపు బురద మీదే తెలుగు పిల్లలు అ ఆలు దిద్దారు.

ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చాక చాలా పరిశ్రమలు మూతబడ్డాయి. ఇళ్ళకు వేసే రంగురంగుల పలుచని రాళ్ళు మాత్రం ఇప్పటికీ తయారై విదేశాలకు పోతున్నాయి. చేతితో పలక తీసే పనివాళ్ళు తగ్గిపోయారు. వచ్చినప్పుడు అడిగి ఆ పని చూడండి, ఎక్కడ తయారవుతుంటే అక్కడికి ఎవరో ఒకరు తీసుకుపోతారు. చూసి ఊరుకోకుండా రాతిపలక ఒకటి కొనండి. ఇంట్లో అక్షరాభ్యాసానికి దగ్గరపడ్డ పిల్లలుంటే దానికి మించిన కానుక ఏముంది? ఈ పనికి ఒక ప్రదర్శనశాల ఊళ్ళోనే పెట్టాలి. పాత ఉలులు, చట్రాలు, ఆ పనిచేసిన వాళ్ళ జ్ఞాపకాలు ఇప్పుడు సేకరించకపోతే మరో తరానికి దొరకవు.

ఊరి నడుమ లక్ష్మీ చెన్నకేశవస్వామి ఆలయం. విజయనగరం పనితనం చూడాలంటే హంపీ దాకా పోనక్కర్లేదు, ఇక్కడి మండపం స్తంభాల ముందు ఒక గంట కూచోండి. పూజ కోసం వచ్చినవాళ్ళు స్తంభాలను ఆనుకుని మాట్లాడుకుంటూ ఉంటారే తప్ప తలెత్తి చూడరు. మీరు చూడండి. రథోత్సవం నాడు వస్తే ఊరే కనబడదు, మనుషులే కనబడతారు.

త్రిపురాంతకం గురించి పెద్దగా చెప్పను, అక్కడికి భక్తులు ఎలాగూ వస్తారు. శ్రీశైలానికి తూర్పు ద్వారం. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరి, చుట్టూ కదంబ చెట్లు. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్ళు శాసనాల కోసం వెళ్ళాలి. రుద్రమదేవిని ఎదిరించిన కాయస్థ నాయకుడు అంబదేవుడు 1290లో తన విజయాలను ఇక్కడే రాతిలో చెక్కించుకున్నాడు. రాజ్యాలు తారుమారైన కబుర్లు గుడి గోడల మధ్య చదువుకోవచ్చు. భైరవకోన చంద్రశేఖరపురం మండలంలో, కనిగిరి వైపు. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. కార్తీక పౌర్ణమి నాడు అక్కడి దుర్గాదేవి మీద వెన్నెల పడుతుందని జనం పోటెత్తుతారు. ఆ గుహలు నిమ్మళంగా చూడాలంటే పౌర్ణమి తరవాత వారం వెళ్ళండి.

అడవి చూడాలనుకునేవాళ్ళకు దోర్నాల దాటాక తుమ్మలబయలులో అటవీశాఖ వాళ్ళ జీపు సఫారీ ఉంది. నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం 1983 నుంచి పులుల రక్షణ పథకంలో ఉంది. పులుల అభయారణ్యాల్లో విస్తీర్ణంలో దేశంలోనే అతి పెద్దది. పులి కనబడుతుందని ఎవరూ మాటివ్వరు. దాని అడుగుజాడ చూపించి, ఎన్ని గంటల కిందట పోయిందో చెప్పగల చెంచులు మాత్రం ఉన్నారు. పులుల కాపలాలో వాళ్ళు ముందుంటారు. వాళ్ళ గూడేల్లోకి కెమెరాలు పట్టుకుని చొరబడకండి. పిలిస్తే వెళ్ళండి, కూచోమంటే కూచోండి, అన్నా అని పిలవండి.

ఇప్పుడు వెలిగొండ నీటి పథకం. దోర్నాల దగ్గర కొండలోంచి జంట సొరంగాలు బయటికి వస్తాయి. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర మొదలై, ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైగా నల్లమలను తొలుచుకుని వచ్చినవి. పథకానికి పూల సుబ్బయ్య గారి పేరు పెట్టారు. కృష్ణా నీళ్ళు ఈ మెట్టకు రావాలని జీవితమంతా అడిగిన కమ్యూనిస్టు నాయకుడు ఆయన. 1996లో శంకుస్థాపన జరిగింది, రెండో సొరంగం తవ్వకం 2024లో గానీ ముగియలేదు. ఒక తరం పిల్లలు పెద్దవాళ్ళై ఊరు విడిచి వెళ్ళిపోయేంత కాలం అది. సొరంగం దాటిన నీళ్ళు నిలవడానికి సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల సందులకు అడ్డంగా ఆనకట్టలు కట్టారు. గమనించారా? వరదరాజమ్మ చేసిన పనే. కొండ గోడలు ఉన్నాయి, సందులు మూయాలి. ఐదు వందల ఏళ్ళ తరవాత కూడా ఇంజనీర్లు ఆమె చూసిన చూపుతోనే ఈ కొండల్ని చూశారు. ముంపులో ఊళ్ళు పోగొట్టుకున్న వాళ్ళ త్యాగం కూడా ఆ కట్టల్లో ఉంది. అటు వెళ్ళినవాళ్ళు ఆ మాట మరిచిపోకూడదు.

ఇవన్నీ ఒక దారిలో చేర్చలేమా అని నాకు ఎప్పటినుంచో ఉంది. జపాన్‌లో ఆ పని చేశారు. ఆ దేశపు ఉత్తర భాగంలో, పసిఫిక్ ఒడ్డున సన్‌రికు అనే తీరం ఉంది. కోసుకుపోయిన కొండ అంచులు, వాటి మధ్య చేపలు పట్టుకుని బతికే చిన్న చిన్న పల్లెలు. మియాకో పట్నం దగ్గర జోదోగహమా అని తెల్లటి రాళ్ళు నీళ్ళలోంచి లేచి నిలబడ్డ తీరం ఒక్కటి కాస్త పేరున్నది. మిగతా ఊళ్ళు మా ఊళ్ళలాగే ఎవరికీ పట్టనివి, పడుచువాళ్ళు నగరాలకు వెళ్ళిపోయినవి. 2011 మార్చి 11న వచ్చిన భూకంపం, సునామీ ఆ తీరాన్ని ఊడ్చిపెట్టాయి. తేరుకునే పనిలో భాగంగా వాళ్ళు చేసినవాటిలో ఒకటి, ఆ పల్లెల్ని కలుపుతూ కాలిబాట వేయడం. హచినోహె నుంచి సోమా దాకా వెయ్యి కిలోమీటర్ల పైన. 2019లో పూర్తయింది. చాలాచోట్ల కొత్తగా వేసింది ఏమీ లేదు. ఉన్న అడవి బాటల్నీ, రేవుల్నీ, ఊరి రోడ్లనూ కలిపి గుర్తులు పెట్టారు. నడిచి వచ్చినవాళ్ళు పల్లెలోనే తిని, పల్లెలోనే పడుకుంటారు. డబ్బు ఆ ఇంటికే చేరుతుంది, ఆ ఇంటి కష్టసుఖాలు వచ్చినవాళ్ళ చెవిన పడతాయి.

మాకు వెయ్యి కిలోమీటర్లు అక్కర్లేదు. జె.పుల్లలచెరువు దగ్గర అడవి అంచు నుంచి గుండ్లకమ్మ వెంట కంభం కట్ట దాకా, అటునుంచి మోక్షగుండం, మార్కాపురం దాకా బాట గుర్తించి, పల్లెకొక బోర్డు పెట్టి, పల్లెకు రెండిళ్ళు అతిథులకు సిద్ధం చేస్తే చాలు. పెద్ద హోటళ్ళు వద్దు, రోప్‌వేలు వద్దు. సజ్జ రొట్టె, ఉలవచారు, గోంగూర పచ్చడి వడ్డించే ఒక అమ్మ ఉంటే చాలు. దారి చూపించడానికి ఆ ఊరి పిల్లలే ఉంటారు. ఊరి గురించి వాళ్ళు నాలుగు మాటలు చెప్పాలంటే ముందు వాళ్ళే తెలుసుకోవాలి, నాకు కావలసింది అదే. ఇప్పుడు కంభంలో చదివే పిల్లవాణ్ణి మీ ఊళ్ళో ఏముందిరా అని అడిగితే, ఏమీ లేదు అంటాడు. ఆ జవాబు విన్నప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది.

బాట పడేదాకా ఆగక్కర్లేదు, మీరు రండి. ఆగస్టు నుంచి డిసెంబరు మధ్య ఎప్పుడైనా మంచిదే. మార్చి దాటితే ఎండలు మిమ్మల్ని నిలవనివ్వవు. శుక్రవారం రాత్రికి గిద్దలూరు చేరండి, బస్టాండు దగ్గర లాడ్జీలు ఉన్నాయి. శనివారం పొద్దున్నే నెమలిగుండం, తిరిగివచ్చేటప్పుడు సత్యవోలు. ఆదివారం కంభం, మోక్షగుండం. సోమవారం మార్కాపురంలో పలకలు, చెన్నకేశవుడు. సొంత బండి ఉంటే సరే, లేకపోతే ఆటో రోజంతటికీ ముందే మాట్లాడుకోండి, పల్లెల్లో అప్పటికప్పుడు దొరకవు. నెమలిగుండానికి తాగే నీళ్ళు స్టీలు సీసాల్లో పట్టుకెళ్ళండి. నల్లమలలో వాన ఎట్లా ఉందో బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోండి. కంభం అలుగు పారుతోందని గనక తెలిస్తే, సెలవు దొరక్కపోయినా సరే, ఆ వారమే బయల్దేరి రండి.